వైఫై బాక్సు కొనాలా, కంపెనీ ఇచ్చిందే వాడాలా?

కొత్త నెట్ కనెక్షన్ కోసం ఫోన్ చేస్తే స్పీడు గురించి, ప్లాన్ల గురించి, ఏయే ఓటీటీలు ఉచితంగా వస్తాయనే దాని గురించి ఓపిగ్గా చెబుతారు. బాక్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. "బాక్సు ఫ్రీ అండి" అని ఒకరు, "డిపాజిట్ రెండు వేలు, మానేసినప్పుడు తిరిగి ఇచ్చేస్తాం" అని ఇంకొకరు, "మీరే కొనేసుకోండి, ఇక దాని గొడవ ఉండదు" అని మరొకరు. మూడూ వినడానికి బాగానే ఉంటాయి. వీటిలో ఏది లాభమో లెక్కేసే ముందు ఆ బాక్సులో ఏముందో చూడాలి. గోడకి వేలాడే ఆ తెల్ల డబ్బాలో నిజానికి రెండు యంత్రాలు ఉంటాయి. కొనాలా వద్దా అనే ప్రశ్నకి ఆ రెండింటి జవాబులూ వేరు.

మొదటిది ఓఎన్‌టీ. కొందరు ఓఎన్‌యూ అంటారు. స్తంభాల మీదుగా ఇంట్లోకి వచ్చిన సన్నటి ఫైబర్ తీగలోని కాంతిని కంప్యూటర్లకి అర్థమయ్యే సంకేతాలుగా మార్చడం దీని పని. రెండోది వైఫై రౌటర్. అలా వచ్చిన నెట్‌ని ఫోన్లకీ టీవీకీ ల్యాప్‌టాప్‌కీ పంచేది ఇదే. కరెంటుతో పోలిస్తే ఓఎన్‌టీ మీటరు, రౌటర్ ఫ్యాను. మీటరు ఎవరు బిగించినా మనకి పట్టదు, ఫ్యాను మాత్రం గదిని చూసి కొంటాం. రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి ఇస్తున్నారు కాబట్టి అంతా ఒకటే ప్రశ్నలా కనబడుతోంది.

ఓఎన్‌టీ సంగతి ముందు చూద్దాం. మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నది జీపాన్ పద్ధతి. ఆపరేటర్ దగ్గర ఉండే ఓఎల్‌టీ అనే పెద్ద యంత్రం నుంచి ఒక ఫైబర్ బయలుదేరి, దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి, 32 ఇళ్లకో 64 ఇళ్లకో చేరుతుంది. కిందికి సెకనుకి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు. ఆ కొమ్మ మీద ఉన్న ఇళ్లన్నీ దీన్నే పంచుకుంటాయి. స్ప్లిటర్ నుంచి వచ్చే కాంతి అందరి ఇళ్లకీ ఒకేలా వస్తుంది, ఎవరికి వచ్చింది వాళ్ల బాక్సు ఏరుకుంటుంది. అందుకే ఏ బాక్సు ఎవరిదో ఓఎల్‌టీకి ముందే తెలిసి ఉండాలి. బాక్సు అడుగున స్టిక్కరు మీద నాలుగు అక్షరాలు, వాటి పక్కన ఎనిమిది అంకెలూ అక్షరాలూ కలిసిన సీరియల్ నంబరు ఉంటుంది. ఆపరేటర్ ఆ నంబరుని తన సిస్టమ్‌లో ఎక్కిస్తేనే లైను పలుకుతుంది. లేకపోతే ఎంత పెట్టి కొన్న బాక్సయినా దీపాలు వెలిగే డబ్బా మాత్రమే.

దీంట్లో ఇంకో చిక్కు ఉంది. చాలా చోట్ల కేబుల్ టీవీ వాళ్లే నెట్ కూడా ఇస్తున్నారు. వాళ్లలో కొందరి లైన్లు జీపాన్ కావు, ఈపాన్ అనే ఇంకో పద్ధతివి. ఒకదాని బాక్సు ఇంకోదానికి పనికిరాదు. రెండింటికీ పనికొచ్చేలా తయారైన బాక్సులని ఎక్స్‌పాన్ పేరుతో అమ్ముతారు. అది కొన్నా సరే, ఓఎల్‌టీ ఒక కంపెనీది, బాక్సు ఇంకో కంపెనీది అయితే లైను కలిసినా ఫోన్ పోర్టు పనిచేయకపోవడం, సెట్టింగులు నిలవకపోవడం లాంటివి వస్తుంటాయి. "మా లైన్లో ఈ బాక్సు పడదండి" అని కేబుల్ ఆయన అన్నప్పుడు అందులో నిజం ఉండొచ్చు, తన దగ్గరున్న బాక్సు అమ్ముకోవాలన్న ఆశా ఉండొచ్చు. బయట నిలబడి తేల్చడం కష్టం.

పెద్ద ప్రైవేటు కంపెనీల దగ్గర అసలు ఆ వాదనే ఉండదు. వాళ్ల బాక్సు వాళ్లదే, అదే పెట్టాలి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌లో మాత్రం కస్టమరే బాక్సు కొనుక్కోవడం మామూలు. ఏపీ ఫైబర్‌నెట్ సంగతి ఇంకో రకం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ పథకంలో టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకి 149 రూపాయలన్నదే అప్పట్లో ఆకర్షణ. మూడు సేవలూ బాక్సుల మీదే ఆధారపడినప్పుడు బయటి బాక్సు తెచ్చి పెట్టడం ఊహించుకోవడానికే తప్ప జరిగే పని కాదు. ఏ కంపెనీ కనెక్షనయినా ల్యాండ్‌లైను, టీవీ దాంతోనే వస్తుంటే ఇదే వర్తిస్తుంది.

కాబట్టి ఓఎన్‌టీ విషయంలో చాలామందికి ఎంచుకునే అవకాశమే లేదు. ఉన్నవాళ్లకి లెక్క తేలికే. నెలకి 90 రూపాయలు అద్దె అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 106 రూపాయల 20 పైసలు. బాక్సు ధర 2,000 అనుకుంటే పంతొమ్మిదో నెలలో రెండూ సమానమవుతాయి. అంటే రెండేళ్లు దాటి అదే ఇంట్లో, అదే కంపెనీ దగ్గర ఉండేవాళ్లు కొనుక్కోవచ్చు. ఏడాది తర్వాత ఎక్కడుంటామో తెలియనివాళ్లకి అద్దే నయం. వారంటీ ఎంతకాలమో చూడకుండా మాత్రం ఈ లెక్క వేయకూడదు. ఏడాది వారంటీ ఉన్న బాక్సు పద్నాలుగో నెలలో పోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు "ఫ్రీ" సంగతి. 2019 సెప్టెంబరు 5న జియో ఫైబర్ మొదలైనప్పుడు కనెక్షన్‌కి 2,500 రూపాయలు తీసుకున్నారు. అందులో 1,500 తిరిగి ఇచ్చే డిపాజిట్, 1,000 తిరిగి రాని ఇన్‌స్టలేషన్ ఛార్జీ. తర్వాత పోటీ పెరిగింది. ఇప్పుడు చాలా కంపెనీలు ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టేస్తే బాక్సుకీ బిగింపుకీ ఏమీ తీసుకోవు. 699 రూపాయల ప్లాన్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కడితే జీఎస్టీతో కలిపి సుమారు 9,900 అవుతుంది. బాక్సు ఉచితం అన్న సంతోషంలో ఆ పదివేలు ఒక్క కంపెనీ దగ్గర ఇరుక్కుపోయాయన్న సంగతి మరుగున పడుతుంది. రెండో నెల నుంచే నెట్ సతాయించినా మారే దారి ఉండదు. 1,500 డిపాజిట్ కట్టి నెలనెలా రీఛార్జ్ చేసుకునే మనిషికి ఆ స్వేచ్ఛ ఉంటుంది. కొత్త కాలనీలో మొదటిసారి కనెక్షన్ తీసుకునేవాళ్లు ఒకటి రెండు నెలలు చూసి, నచ్చాక ఏడాదికి కట్టడమే మంచిది. అప్పటికి ఆఫర్ పోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఈ ఆఫర్లు పండగకొకటి వస్తూనే ఉంటాయి.

ఇంకో సంగతి. ఫ్రీ అంటే వాడుకోవడానికి ఫ్రీ. బాక్సు కంపెనీ ఆస్తిగానే ఉంటుంది. మానేసినప్పుడు తిరిగి ఇవ్వకపోతే దాని ధర వసూలు చేస్తామని షరతుల్లో రాసి ఉంటుంది. పాత సామాను అమ్మే చోట్ల కంపెనీ పేరున్న బాక్సులు మూడు నాలుగు వందలకి దొరుకుతుంటాయి. ఆ కంపెనీ లైన్లోనే పనిచేసేలా తాళం వేసిన సాఫ్ట్‌వేర్ వాటిలో ఉంటుంది కాబట్టి అవి వేరే ఆపరేటర్ దగ్గర సాధారణంగా పనికిరావు.

అసలు ఆలోచించాల్సింది రౌటర్ గురించి. ఇక్కడ ఎంపిక పూర్తిగా ఇంటివాళ్లదే, డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. కనెక్షన్ ఇచ్చే అబ్బాయి ఫైబర్ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, మహా అయితే హాల్లో టీవీ పక్కన బాక్సు బిగించి వెళ్లిపోతాడు. వెనక పడకగది దాకా సిగ్నల్ పోవాలంటే మధ్యలో రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక స్టీలు బీరువా, కొన్ని ఇళ్లలో వంటింటి ఫ్రిజ్జు అడ్డం. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులు ఉంటాయి. మొదటిది గోడలు దాటుతుంది కానీ నెమ్మది, పైగా అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ దాని మీదే గుమిగూడి ఉంటాయి. రెండోది వేగం, కానీ గోడ కనబడితే డీలా పడుతుంది. డూప్లెక్స్ ఇంట్లో పై అంతస్తుకి వెళ్లాలంటే ఇనుప చువ్వలతో పోసిన స్లాబు కూడా దాటాలి.

పడకగదిలో వీడియో ఆగి ఆగి వస్తే చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచడం. 399 నుంచి 699కి మారితే తేడా 300, జీఎస్టీతో 354, ఏడాదికి 4,248 రూపాయలు. కానీ గోడ అలాగే ఉంటుంది. హాల్లో స్పీడు 30 మెగాబిట్ల నుంచి 100కి పెరుగుతుంది, పడకగదిలో మునుపటిలాగే ఎనిమిదో పదో వస్తుంది. ఏది లోపమో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. బాక్సు పక్కన నిలబడి ఫోన్లో ఒకసారి స్పీడు చూడాలి, ఇబ్బంది పడుతున్న గదిలో ఇంకోసారి చూడాలి. రెండు చోట్లా తక్కువే వస్తే కంపెనీని అడగాలి, లేదా ప్లాన్ చిన్నదని ఒప్పుకోవాలి. బాక్సు పక్కన నిండుగా వచ్చి గదిలో పడిపోతే డబ్బు పెట్టాల్సింది ప్లాన్ మీద కాదు. ముందు బాక్సు చోటు మార్చి చూడాలి. కాస్త పొడవైన ఫైబర్ ప్యాచ్ కార్డు, అంటే రెండు కొనలకీ కనెక్టర్లు బిగించిన ఫైబర్ తీగ వేసి ఇంటి మధ్యకి తెస్తే సగం ఇళ్లలో సమస్య తీరిపోతుంది. కొనేటప్పుడు కొన రంగు చూసుకోవాలి. ఆకుపచ్చ కొన లోపలి గాజు కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం కొన అలా ఉండదు. ఒకదాని చోట ఇంకోటి దూర్చితే లోపలికి వెళ్లినట్టే ఉంటుంది, కాంతి మాత్రం చాలావరకు అక్కడే పోతుంది. ఫైబర్‌ని చీర కుచ్చెళ్లలా మడిచి మేకుకి తగిలించినా అంతే.

చోటు మార్చినా సరిపోకపోతే సొంత రౌటర్ కొనొచ్చు. కంపెనీ బాక్సుని దాని చోటనే ఉంచి, దాని వెనక కేబుల్ తగిలించే లాన్ పోర్టు నుంచి క్యాట్‌6 రకం నెట్ కేబుల్ లాగి, కావలసిన గదిలో రౌటర్ పెట్టుకోవాలి. రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై పంచే పని మాత్రమే చేసేలా పెడితే చిక్కులు తక్కువ. కంపెనీ ఒప్పుకుంటే బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ని దాటించేదిగా మాత్రమే ఉండేలా పెట్టించి, లాగిన్ వివరాలు సొంత రౌటర్‌లో ఎక్కించుకోవచ్చు. కొన్ని కంపెనీలు అడగగానే చేస్తాయి, కొన్ని కుదరదంటాయి. రెండు డబ్బాలూ రౌటర్లుగానే పనిచేస్తే సినిమాలు చూడటానికి ఇబ్బందేమీ ఉండదు కానీ ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లకీ, సీసీ కెమెరాని ఊరి నుంచి చూడాలనుకునేవాళ్లకీ తలనొప్పి మొదలవుతుంది.

రౌటర్ కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. పెట్టె మీద ఏసీ1200 అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అది 2.4 దారిలోని 300, 5 దారిలోని 867 కలిపి పైకి సవరించిన అంకె. ఏ ఫోనుకీ అంత రాదు. అసలు చూడాల్సింది వెనక పోర్టుల దగ్గర. అక్కడ 10/100 అని ఉంటే ఆ రౌటర్‌లోకి కేబుల్ ద్వారా 100 మెగాబిట్లకి మించి రాదు, చేతికి అందేది 94 వరకే. అలాంటి రౌటర్లు ఇప్పటికీ పన్నెండు పదిహేను వందలకి విరివిగా అమ్ముతున్నారు. 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకుని ఈ రౌటర్ పెట్టుకున్న ఇంట్లో నెలనెలా సగం డబ్బు గాలికి పోతున్నట్టే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా 'గిగాబిట్ పోర్టులేనా' అని ఒక్కమాట చూసుకుంటే చాలు. వైఫై 6 ప్రమాణం 2021లో ఖరారైంది, ఇప్పుడు దానికి తగ్గ రౌటర్లు మధ్యతరగతి ధరలోనే వస్తున్నాయి. ఇంట్లో ఫోన్లు పాతవైతే అది లేకపోయినా లోటు లేదు. ఇక గది గదికీ ఒకటి పెట్టే మెష్ సెట్లు పెద్ద ఇళ్లకి సరే. వాటి మధ్య కూడా కేబుల్ వేస్తేనే పెట్టిన డబ్బుకి ఫలితం ఉంటుంది. గాలిలోనే ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటే వేగం దారిలోనే సగానికి పడిపోవచ్చు.

పాడైతే ఎవరిది బాధ్యత అన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు, నిజానికి అద్దె వైపు మొగ్గడానికి ఉన్న గట్టి కారణం అదే. ఎర్ర దీపం మిణుకుమంటే లోపం లైన్లోనో కనెక్టర్‌లోనో ఉన్నట్టు, దానికి బాక్సు ఎవరిదైనా ఒకటే. బాక్సు అసలు వెలగకపోతే మాత్రం తేడా తెలుస్తుంది. కంపెనీ బాక్సయితే ఫిర్యాదు చేసి మనిషి కోసం ఎదురు చూడాలి, ఖర్చు ఉండదు. సొంతదయితే గంటలో కొత్తది తెచ్చుకోవచ్చు, ఖర్చు మనది. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లకి ఆ రెండు రోజుల ఎదురుచూపు బాక్సు ధర కంటే ఖరీదు. వెలగని బాక్సుల్లో చాలావాటికి పోయేది అడాప్టర్. 12 వోల్టుల అడాప్టర్ రెండు మూడు వందలకి దొరుకుతుంది. పాత దాని మీద రాసిన వోల్టులే ఉండేలా, ఆంపియర్లు అంతకి తగ్గకుండా చూసి తెచ్చుకుంటే సరి. బాక్సే పోయిందనుకుని రెండువేలు పెట్టేవాళ్లు తక్కువేం లేరు.

పిడుగుల కాలంలో ఇంకో తేడా. ఫైబర్ గాజు కాబట్టి దానిగుండా కరెంటు రాదు. కానీ కొన్ని అపార్ట్‌మెంట్లలో భవనం దాకా ఫైబర్ వేసి, డాబా మీది పెట్టె నుంచి ఫ్లాట్లలోకి మామూలు రాగి ఈథర్నెట్ కేబుల్ వేస్తారు. ఉరుములతో వాన పడ్డ రోజున ఆ కేబుల్ తగిలించిన రౌటర్ పోర్టు కాలిపోవడం అరుదేమీ కాదు. వారంటీ దానికి వర్తించదంటారు. అలాంటి కనెక్షన్ ఉన్నచోట ఖరీదైన రౌటర్‌ని ఎప్పుడూ తగిలించే ఉంచకుండా, వాన ముదిరినప్పుడు కేబుల్ పీకేయడం అలవాటు చేసుకోవాలి. ఇంకో వైపు ఈ రకం కనెక్షన్‌లో ఓఎన్‌టీ గొడవే ఉండదు, ఏ రౌటరయినా పడుతుంది. అద్దెకి తీసుకోవడానికి కారణమేమీ లేదు.

పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ఇళ్లు మారేవాళ్లకి, కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకున్న కుర్రాళ్లకి సలహా ఒక్కటే: ఓఎన్‌టీ జోలికి పోవద్దు, రౌటర్ కావాలంటే కొనుక్కోండి. కొత్త ఇంట్లో వేరే కంపెనీ లైనే ఉండొచ్చు, అప్పుడు సొంత ఓఎన్‌టీ అటకెక్కుతుంది. రౌటర్ మాత్రం ఎక్కడికైనా వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల లెక్క దీనికి తలకిందులు. అక్కడ చాలా ఊళ్లలో నెట్ వచ్చేది కేబుల్ టీవీ తీగ మీద. కంపెనీలు మోడెమ్, రౌటర్ కలిసిన గేట్‌వేని నెలకి 10, 15 డాలర్ల అద్దెకి ఇస్తూ వచ్చాయి. 15 డాలర్లంటే ఏడాదికి 180. కంపెనీ ఆమోదించిన జాబితాలోంచి మోడెమ్, దానికో రౌటర్ కలిపి 250 డాలర్లలో కొంటే పదిహేడో నెల నుంచి మిగులే. ఆ హక్కు ఊరికే రాలేదు. ఒకప్పుడు అక్కడ ఫోన్ పరికరం కూడా కంపెనీ నుంచే అద్దెకి తీసుకోవాలి. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చిన తీర్పు బయటి పరికరాలకి తలుపు తెరిచింది. అయినా ఫ్రంటియర్ అనే కంపెనీ సొంత రౌటర్ వాడుకునేవాళ్ల దగ్గర కూడా నెలకి 10 డాలర్ల రౌటర్ అద్దె వసూలు చేసి తిట్లు తింది. వాడని పరికరానికి అద్దె వేయడాన్ని నిషేధించే చట్టం 2019 డిసెంబరులో వచ్చి, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. కంపెనీలు మాత్రం వేరే దారి పట్టాయి. కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ కొంతకాలం సొంత పరికరం ఉన్నవాళ్లకి అన్‌లిమిటెడ్ డేటాకి 30 డాలర్లు అడిగి, తమ గేట్‌వేతో కలిపి తీసుకుంటే 25కే ఇచ్చింది. సొంతది ఉన్నవాడే ఎక్కువ కట్టే లెక్క అన్నమాట. జర్మనీ ఇంకో అడుగు ముందుకేసి, 2016 ఆగస్టు 1 నుంచి మోడెమ్, రౌటర్ ఏది పెట్టుకోవాలో కస్టమర్ ఇష్టమని చట్టం చేసింది. మన దగ్గర ఓఎన్‌టీ విషయంలో ఇప్పటికీ ఆపరేటర్ మాటే చెల్లుతోంది.

సొంత బాక్సు తెచ్చుకుంటే మీద పడే పని కూడా ఒకటుంది. కంపెనీ బాక్సులకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు దూరం నుంచే పంపుతారు. ఆ వెసులుబాటుతోపాటే ఇంటి బాక్సు సెట్టింగులు కంపెనీ చేతిలో ఉంటాయన్నది కొందరికి నచ్చదు. సొంతదయితే అప్‌డేట్ మనమే చూసుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడ్మిన్ అనే ఉంచేసిన రౌటర్లు మన ఊళ్లలో లెక్కలేనన్ని. అది మార్చే ఓపిక లేని ఇంట్లో కంపెనీ బాక్సే క్షేమం.

డిపాజిట్ కట్టినవాళ్లు జాగ్రత్తపడాల్సింది బయటికి వచ్చేటప్పుడు. చిన్న ఊళ్లలో డిపాజిట్ నగదుగా కేబుల్ ఆయన చేతిలో పడుతుంది, రసీదు ఉండదు. రెండేళ్లకి ఆయన ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుంటాడు. పాత కంపెనీ "మాకు రాలేదు" అంటుంది, ఆయన "వాళ్లకి కట్టేశా" అంటాడు. యూపీఐలో కడితే కనీసం చరిత్ర మిగులుతుంది. కనెక్షన్ రోజునే బాక్సు అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసిపెట్టుకోవాలి, డిపాజిట్ అని రాసిన మెసేజో రసీదో అడిగి తీసుకోవాలి. వెనక్కి ఇచ్చేటప్పుడు అడాప్టర్‌తో సహా ఇచ్చి, ఆ నంబరు వేసి ముట్టినట్టు రాయించుకోవాలి. డిపాజిట్ వాపసుకి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా ప్రమాణాల్లో గడువు ఉంది. అది దాటితే ముందు కంపెనీ కాల్ సెంటర్లో ఫిర్యాదు నంబరు తీసుకుని, తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి, ఆ వాదన చెల్లదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 1,500 కోసం ఎవరు తిరుగుతారులే అని వదిలేసేవాళ్లే ఎక్కువ, ఆ లెక్క కంపెనీలకీ తెలుసు.